నలభయ్యో కప్పు

బేగంబజారులో డజను లెక్కన బేరమాడి
నలభై పింగాణీ కప్పులు కొన్నాను, పీహెచ్‌డీ రెండో ఏడు.
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తార్నాక దాకా
ఒక్కటీ పగలకుండా తెచ్చాను.

ఎనభై మంది.
సగం మంది చేతిలో కప్పు పెట్టి, ఎంతకి అమ్ముతారన్నాను.
సగం మందికి చూపించి, ఎంతకి కొంటారన్నాను.
పది నిమిషాల కిందట ఎవరిదీ కాని కప్పు
చేతిలోకి రాగానే ప్రియమైపోయింది.
కొనేవాళ్ళు పద్దెనిమిదంటే అమ్మేవాళ్ళు నలభై అన్నారు.
ఆ ఇరవై రెండు రూపాయల సందులోనే
నా డాక్టరేటు, నా ఉద్యోగం, ఈ జుట్టు నెరవడం.

ఆ రోజు ఒక మనిషి తక్కువైతే
అటెండర్ మొగులయ్యను కూర్చోబెట్టాను.
కప్పు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఫారం నాకే తిరిగిచ్చాడు.
ధర రాయలేదేమన్నాను.
"గిది అమ్మనీకి కాదు మేడమ్, చాయ్ తాగనీకి."

ఖాళీ గడికి సూత్రంలో చోటు లేదు.
అడుగున చిన్నక్షరాల్లో రాశాను:
ఒక స్పందన తొలగించడమైనది.

పేపరు మూడుసార్లు తిరిగొచ్చింది.
వీళ్ళు హైదరాబాదు వాళ్ళు కాబట్టి ఇలా చేశారా
అని అడిగాడు రెండో రివ్యూయరు,
తన ఊరివాళ్ళు మాత్రం ఉత్త మనుషులైనట్టు.
నాలుగోసారి అచ్చయింది. లెక్చరర్నయ్యాను, రీడర్నయ్యాను.
పోయిన వంద, దొరికిన వందకి రెండింతలు బరువని
సుద్దముక్కతో చెప్పాను, మార్కర్‌తో చెప్పాను,
కరోనా ఏడాది ముఖాల్లేని నల్లటి గళ్ళకు చెప్పాను.
మూడొందల పదికి కొన్న షేరు ఏడు రూపాయలకొచ్చినా
నేనింకా అమ్మలేదు.
తెలిసిన జబ్బే. వైద్యురాలికీ వస్తుంది.

తర్వాత గచ్చిబౌలి. అద్దాల మేడ, మూడో అంతస్తు.
తలుపు మీద సుగుణావతి అన్న పేరు కన్నా
డీన్ అన్న రెండక్షరాలు పెద్దవి.
కిటికీ అవతల రాళ్ళగుట్ట,
పొద్దున పూట నెమలి వస్తుంది, మీటింగుల్లో ఉంటాను.

ఫీజు పెంచాలన్నారు బోర్డువాళ్ళు.
ఎలా చెప్పాలో నన్నడిగారు. నన్నే అడగాలి మరి.
పెరుగుతుంది అని రాయొద్దన్నాను.
ముప్ఫయ్యో తారీఖు దాటితే మీ రాయితీ పోతుంది
అని రాయించాను.
పోతుంది.
ఆ ఒక్క క్రియ కోసం ఇరవై ఆరేళ్ళు చదివినట్టున్నాను.
ఇరవై ఎనిమిదికల్లా సీట్లు నిండాయి.
బోర్డురూంలో డబుల్ కా మీఠా పంచారు.

అంతకు ముందురోజే ఒకాయన వరండాలో కనిపించాడు.
కుషాయిగూడలో లేత్ మిషన్ పని,
గోళ్ళ సందుల్లో నూనె నలుపు, జేబులో చిట్టీ పాసుబుక్కు.
"అయిదు లక్షల చిట్టీ మూడో నెలల్నే పాడిన మేడమ్.
లక్షా అరవై వేలు పోయినయ్. గని రాయితీ దక్కింది."
రాయితీ నలభై వేలు.
గెలిచినవాడి నవ్వు నవ్వాడు.
"తారీఖు ముంగట్నే చెప్పి మంచిపని చేసిండ్రు."

బుర్రలో లెక్క దానంతటదే నడిచింది,
వడ్డీ శాతం దశాంశ స్థానం దాకా.
చెప్పలేదు. మీ పిల్ల బాగా చదువుతుందన్నాను.
ఆ పిల్లను నేను చూడనే లేదు.

మొగులయ్య ఆ కప్పులోనే తాగేవాడు,
చెవి విరిగాక కూడా, రిటైరయ్యేదాకా.
ముప్ఫై తొమ్మిది కప్పులు ఏమయ్యాయో నాకు తెలీదు.

వచ్చే ఏటి ఉత్తరం ఇప్పుడు తెర మీద ఉంది.
పోతుంది అన్నచోట కర్సరు కొట్టుకుంటోంది.
ఆ మాట తీసేస్తే ఎన్ని సీట్లు మిగులుతాయో
నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

చాయ్ తెచ్చి పెట్టారు. కాగితం కప్పు.
ఇంకాసేపట్లో చెత్తబుట్టలోకి పోయేది.
చల్లారిపోయినా
రెండు చేతుల్తో పట్టుకునే కూర్చున్నాను.